రాయగడ ఆఫీసులో చేరిన అమ్మడికి

అమ్మడూ,

నీకు అకౌంట్స్ సెక్షన్‌లో సీటిచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచింది కదా. అందుకే కొత్తలో నీకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాను.

మెషీన్‌లో ఏ మాత్రం తేడా కనిపించినా ముందు మీ సిస్టమ్ అబ్బాయికి చెప్పు. తిడతాడనో, మేనేజరుకి తెలిసిపోతుందనో సాయంత్రం దాకా దాచిపెట్టేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. పిచ్చి లింకు నొక్కిన వెంటనే చెబితే నెట్ కేబుల్ పీకి, పాస్‌వర్డ్ మార్చి చాలాసార్లు అక్కడితో ఆపేయగలం. ఆలస్యమైతే ఆ లింకుతో వచ్చిన వైరస్ షేర్డ్ ఫోల్డర్ల మీదుగా పక్క సెక్షన్‌కి పోతుంది. 2017 మే నెలలో వచ్చిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ అయితే ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకింది. దానికి విరుగుడు అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. తర్వాత చూద్దాంలే అని వదిలేసిన మెషీన్లే దానికి దొరికిపోయాయి. కాబట్టి రీస్టార్ట్ అడిగితే భోజనానికి లేచేటప్పుడు ఇచ్చెయ్యి. నీ మెషీన్‌లో ఇంకా విండోస్ 10 ఉంటే దాన్నేం చేస్తున్నారో అడుగు. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

చెప్పడానికీ ఓ పద్ధతుంది. ‘సార్, పనిచెయ్యట్లేదు’ అంటే మాకేం తెలుస్తుంది? ‘ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, ఓకే కొట్టి తీసేశాను’ అనేవాళ్లతో ఇంకా కష్టం. తెర మీద ఏం వచ్చిందో ఫోన్‌తో ఫొటో తియ్యి. ఎన్ని గంటలకు వచ్చింది, దానికి ముందు ఏం చేస్తున్నావు అన్నది చెప్పు. పక్క సీటులోనూ అలాగే ఉందేమో చూసి మరీ ఫోన్ చెయ్యి. అందరికీ ఆగిపోతే మేం సర్వర్ దగ్గరికో నెట్‌వర్క్ స్విచ్ దగ్గరికో పోతాం, నీకొక్కదానికే అయితే నీ బల్ల దగ్గరికి వస్తాం. ఆ ఒక్క ముక్క ముందే తెలిస్తే అటూ ఇటూ తిరిగే పని తప్పుతుంది.

నీది డబ్బు చూసే సెక్షన్ కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల బిల్లు కొత్త ఖాతాలో వెయ్యండి’ అని సప్లయర్ పేరుతో మెయిల్ వస్తుంది. లెటర్‌హెడ్డూ సంతకమూ అన్నీ అచ్చంగా ఉంటాయి. అడ్రస్‌ని అక్షరం అక్షరం చూస్తే గానీ దొంగతనం బయటపడదు. ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెడతారు, చిన్న అక్షరాల్లో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒక్కోసారి సప్లయర్ అసలు మెయిలే దొంగల చేతిలో పడుతుంది, అప్పుడు అడ్రస్ చూసినా లాభం లేదు. అందుకని మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి చెయ్యకు. మీ పాత ఫైల్లో ఉన్న నంబర్‌కి చేసి, నీకు తెలిసిన మనిషి గొంతు విన్నాకే ఖాతా మార్చు. మేనేజర్ ఫొటో పెట్టుకున్న కొత్త వాట్సాప్ నంబర్ నుంచి ‘మీటింగులో ఉన్నాను, ఫోన్ చెయ్యకు, అర్జెంటుగా పంపు’ అని వస్తే తిన్నగా లేచి ఆయన గదికి వెళ్లు. ఫోన్ చెయ్యొద్దన్నాడంటేనే అనుమానించాలి.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో తంతు ఉంది. ఫోన్ చేసినవాడు హిందీలోనో ఒడియాలోనో మొదలుపెడతాడు, మన యాస పసిగట్టగానే తెలుగులోకి దిగిపోతాడు. మనవాడే కదా అని మనం మెత్తబడతాం. ఐటీ నుంచి అంటాడు, దూరం నుంచే మన మెషీన్‌ని నడిపించే ఎనీడెస్క్ వేసుకోమంటాడు, తెర మీద కనిపించే నంబర్ చదవమంటాడు. ఫోన్ పెట్టేసి, ఆఫీసు డైరెక్టరీలో ఉన్న నంబర్‌కి నువ్వే చెయ్యి. నిజంగా మావాడే అయితే ఏమీ అనుకోడు.

పెన్‌డ్రైవ్ సంగతి. ఒడియా లెటర్ టైప్ చేయించడానికి జిరాక్స్ షాపుకి పట్టుకెళ్తారు, అది షార్ట్‌కట్ వైరస్‌తో తిరిగొస్తుంది. నీ ఫోల్డర్ పేరే ఉంటుంది గానీ బొమ్మ మూల చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీలే చూపిస్తుంది. దాన్ని తెరిచావా, వైరస్ నీ మెషీన్‌లోకి వచ్చేస్తుంది. అసలు ఫోల్డర్ చాలావరకు లోపలే దాక్కుని ఉంటుంది, మేం తీసిస్తాం. ఒడియా ఫాంట్లు కూడా షాపువాళ్లిచ్చే దొంగ సాఫ్ట్‌వేర్‌తో వేసుకోకు, విండోస్‌లోనే ఒడియా కీబోర్డ్ ఉంది.

పాస్‌వర్డ్ అంటావా, రాయగడలో మజ్జిగౌరమ్మ పేరు చివర ఒకటి రెండు మూడు తగిలించినవి ఎన్ని చూశానో! అమ్మవారు చల్లగా చూస్తుంది గానీ ఖాతాలకు కాపలా కాయదమ్మా. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు, పనసతొన, రైలుగేటు, ఇత్తడిచెంబు లాంటివి, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకో. ఇవే పెట్టకు మరి. రెండో మెట్టు ఓటీపీ ఆన్ చెయ్యి. సీటు లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కు.

లెక్కలు రాసే ట్యాలీ గురించి అడిగితే ‘ట్యాలీ బ్యాకప్ డీ డ్రైవ్‌లో ఉంది సార్’ అంటారు. సీ, డీ చాలా మెషీన్లలో ఒకే డిస్కుకి రెండు పేర్లు. డిస్కు పోతే రెండూ పోతాయి. ఇంకో కాపీ వేరే డిస్కులో, వీలైతే వేరే బిల్డింగులో ఉండాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచింది, అలాంటప్పుడు ఒకే గదిలో ఉన్న రెండు కాపీలూ ఒకటే.

డబ్బు ఏ దారిలో పోయినా వెంటనే బ్యాంకుకి చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. డబ్బు ఖాతాలు మారకముందే చెబితేనే పట్టుకునే వీలుంటుంది.

మీ నాన్నకి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, వస్తే తెరవొద్దని చెప్పు. నేను చెబితే వినడు. దసరాకి వచ్చినప్పుడు ఆ ఫోన్ నాకోసారి ఇప్పించు, ఏమేం వేసుకున్నాడో చూస్తాను.

మీ పెదనాన్న