హనుమకొండ నుంచి హైదరాబాద్: పగలు మ్యూజియం, సాయంత్రం కచేరి రెండూ కుదురుతాయా?

ఐదుగురు స్నేహితులం, శని ఆదివారాల్లో హైదరాబాద్ వచ్చి మ్యూజియంలూ చూడాలి, ఎదురుగా కూర్చుని పాటా వినాలి, కుదురుతుందా అని అడిగారు. హాయిగా కుదురుతుంది. అయితే ముందు కచేరి ఖాయం చేసుకోండి, మ్యూజియం సంగతి తర్వాత. మ్యూజియం వారంలో ఆరు రోజులు తెరిచే ఉంటుంది, మీకు నచ్చిన గాయకులు పాడేది ఆ ఒక్క సాయంత్రమే.

ఒకరోజు సెలవు కలుపుకుని శుక్రవారమే వెళ్లాలనుకుంటే మాత్రం ఆగండి. సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, మూడింటికీ శుక్రవారమే సెలవు. ఆ రోజు గోల్కొండ కోట పెట్టుకోవచ్చు.

శనివారం పొద్దున్నే బయల్దేరి పదింటికల్లా సాలార్‌జంగ్ గేటు దగ్గర ఉండండి. బ్యాగులు క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి, కాబట్టి బరువు తగ్గించుకుని వెళ్లడం మేలు. జనం చేరకముందే 'ముసుగు రెబెక్కా' దగ్గరికి నడవండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి విగ్రహం ఇది. ముఖం మీది మేలిముసుగు కూడా రాయే, అయినా దాని వెనక కనురెప్పలు కనబడతాయి. ఎదురుగా నిలబడి చూసి వదిలేయకండి, పక్కకు జరిగి చూస్తే ముసుగు మడతల మీద వెలుగు మారుతుంది. ముందువైపు ఫౌస్ట్ కథలోని దెయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా కనిపించే చెక్క శిల్పాన్ని కూడా వదలొద్దు.

సంగీత గడియారం ముందుకు పావుతక్కువ పన్నెండుకే చేరాలి. గంట కొట్టడానికి చిన్న బొమ్మ బయటికొస్తుంది, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా అప్పుడే వస్తారు, ఆలస్యమైతే తలలు తప్ప ఏమీ కనబడవు. పక్కన కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తూనే ఉంటుంది, దాన్నీ చూడండి.

అన్ని గ్యాలరీలూ ఒక్కరోజులో చూడాలని పంతం పట్టొద్దు. కాళ్లు లాగేస్తే సాయంత్రం కచేరిలో నిద్ర పడుతుంది. మూడింటికి బయటపడి, గది తీసుకుని, ఓ గంట పడుకోండి.

కచేరి వేదికకు మెట్రోలోనే వెళ్లండి. శనివారం సాయంత్రం అఫ్జల్‌గంజ్, కోఠి ట్రాఫిక్‌లో ఆటో కదలదు. రవీంద్రభారతికి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి ఎర్ర లైన్‌లో లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషన్. త్యాగరాయ గానసభకు ఆకుపచ్చ లైన్‌లో చిక్కడపల్లి. ఆరుబయట కూర్చుని వినాలంటే బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, చాయ్, సమోసా చవక, సోమవారం మాత్రం సెలవు.

ఉచిత ప్రవేశమైతే అరగంట ముందే వెళ్లాలి, లేకపోతే ఐదుగురికీ పక్కపక్కన సీట్లు దొరకవు. ముందు వరుసలు సాధారణంగా అతిథులవి. ఆహ్వానపత్రంలో సన్మానం అని ఉంటే పాట మొదలయ్యేసరికి ఇంకో గంట పట్టొచ్చు, టిఫిన్ చేసే వెళ్లండి. శాస్త్రీయ కచేరి అయితే సాధారణంగా చెప్పిన వేళకే మొదలవుతుంది. మృదంగం వాళ్ల తని ఆవర్తనం (పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) నడుస్తుంటే లేచి బయటికి రాకండి. చాలామంది అప్పుడే లేస్తారు, వాయించేవాళ్లకు అది ఎంత బాధో!

ఆదివారం పొద్దున స్టేట్ మ్యూజియం చాలు. ఈజిప్టు మమ్మీ ఉండేది అక్కడే. మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టాపు ఎంజీబీఎస్, అక్కడే హనుమకొండ బస్సు. ఆ రోజు కూడా కచేరి పెట్టుకుంటే తిరుగు బస్సు టికెట్ ముందే రిజర్వు చేసుకోండి, రాత్రి పదకొండు దాటాక మెట్రో మీద ఆశ పెట్టుకోవద్దు.