అట్రోపిన్ ఇంజెక్షన్ల తర్వాత ఆవు నెమరు మానేస్తే

సందేహం: మాది పలమనేరు దగ్గర పల్లె. పురుగుమందు కొట్టిన టమాటా తోట గట్టున గడ్డి మేసిన మా జెర్సీ సంకర ఆవుకు చొంగ ధారగా కారింది. రెండు రోజుల్లో పలుమార్లు అట్రోపిన్ ఇంజెక్షన్ వేయించాము. చొంగ ఆగింది కానీ నోరు ఎండిపోయి, నెమరు వేయడం లేదు. ఇంకొకటి వేయించాలా?

సమాధానం: నోరు ఎండిన ఈ స్థితిలో మీ అంతట మీరు మరో ఇంజెక్షన్ వేయించవద్దు. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లో చేరితే నరాల సంకేతాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరాల చివర పేరుకుపోయి లాలాజల గ్రంథులను ఆగకుండా స్రవింపజేస్తుంది. అట్రోపిన్ ఆ సంకేతం గ్రంథికి అందకుండా అడ్డుకుంటుందే తప్ప విషాన్ని తొలగించదు. మీ ఆవు ప్రాణం నిలవడానికి ఆ మందు అవసరమే. అయితే మోతాదు మీద మోతాదు పడేకొద్దీ అదే అడ్డు పెద్దపొట్ట కదలికలను కూడా ఆపేస్తుంది.

పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులోని బైకార్బొనేట్ (తినే సోడాలో ఉండే క్షారం) వల్లనే పెద్దపొట్టలో పుట్టే ఆమ్లాలు విరుగుతాయి. ఆవు చెవి కింది పెరోటిడ్ గ్రంథులు నరాల ప్రేరణ లేకున్నా కొంత స్రవిస్తూనే ఉంటాయి కనుక అట్రోపిన్ వల్ల లాలాజలం పూర్తిగా ఇంకిపోదు, తగ్గి చిక్కబడి తీగలా సాగుతుంది. మందు ప్రభావం దిగాక సాధారణంగా మళ్లీ ఊరుతుంది.

ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి చూడండి. రెండు నిమిషాల్లో 2, 3 సార్లు పొట్ట కదలాలి. కదలిక లేక డొక్క ఉబ్బుతుంటే వెంటనే పశువైద్యుని పిలవండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. దాణా ఆపి, ఎండు వరిగడ్డి, వేరుశనగ కట్టె కొద్దికొద్దిగా వేసి, శుభ్రమైన నీరు అందుబాటులో ఉంచండి. పీచుమేత నమిలినప్పుడే లాలాజలం బాగా ఊరుతుంది. మింగలేని పశువుకు సీసాతో ఏదీ తాపవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాపాయం కలుగుతుంది. తినే సోడా అవసరమైతే వైద్యుడే గొట్టం ద్వారా పొట్టలోకి ఎక్కిస్తారు.

చొంగతో పాటు గురక, కంటిపాప కుంచించుకుపోవడం, కండరాల వణుకు తిరిగి కనిపిస్తే విష ప్రభావం మళ్లీ మొదలైందని అర్థం. అట్రోపిన్ మళ్లీ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలన్నది అప్పుడు వైద్యుడే నిర్ణయించాలి. వైద్యుడు సరేననే వరకు పాలు డెయిరీకి పోయవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. పురుగుమందు డబ్బా, ఇంజెక్షన్లు వేసిన వేళలు, మోతాదులు రాసిన చీటీ ఆయనకు చూపించండి.