మూడోసారి నీట్ రాయించాలా, ఫార్మ్-డీలో చేర్చాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చేసింది. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. పోయినేడు మా అమ్మ రక్తం పలచబడే మాత్రలు వాడుతూనే, మోకాళ్ల నొప్పులకు వేరే డాక్టరు రాసినవీ వేసుకుంది. ఆ రెండూ కలిసి కడుపులో రక్తస్రావమై ఆసుపత్రిలో చేర్చాం. అప్పట్నుంచి అమ్మాయి ఇలాంటివి జరగకుండా చూసే పరిశోధన చేస్తానంటోంది, ఫార్మ్-డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు) అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అమ్మాయిని ఒక్క మాట అడగండి: రోగికి తానే వైద్యం చేయాలనుందా? ఉంటే మూడోసారి లాంగ్‌టర్మ్‌కు పంపండి. మందుల వల్ల జరిగే హానిని ఆపడమే ఆమె కోరికైతే ఇంకో ఏడాది పోగొట్టొద్దు, ఫార్మ్-డీలో చేర్చండి. ఈఏపీసెట్ ర్యాంకుతో చేరొచ్చు.

ఈ పని ఎంత లోతైనదో చూడండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్లు వాస్తాయి. అది మందు వల్లేనని పోల్చుకోకపోతే ఇంకేదో జబ్బనుకుని నీరు తీసే మాత్ర రాస్తారు. దాంతో సోడియం పడిపోయి పెద్దవాళ్లు తూలి పడితే, ఆ తూలుకు మరో మాత్ర! మొదట తప్పింది రోగ నిర్ధారణే. అందుకే రోగాన్ని సరిగ్గా గుర్తించడం, మందుల హాని తగ్గించడం వేర్వేరు పరిశోధనలని నేననుకోను.

మన దేశంలో ఇలాంటి దుష్ఫలితాల వివరాలు సేకరించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. రోగి ఇంటివాళ్లు కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. మీ అమ్మగారి సంగతి అమ్మాయి చేతే చెప్పించండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, రక్తస్రావం కనిపించిన తేదీ వరసగా రాయడంలోనే ఈ పని ఆమెకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది.

ఫార్మ్-డీ ఆరేళ్లు. చివరి ఏడాదంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లోనే. తర్వాత నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా సొంతంగా మందులు రాసే అధికారం రాదు, ఇది ఇప్పుడే ఇంట్లో అందరికీ తెలియాలి.

ఉద్యోగాలున్నాయి గానీ, ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు (వార్డుల్లో రోగుల మందులు సరిచూసేవారు) పోస్టులు ఉండాల్సినన్ని లేవు. నాకు బాధ కలిగించే విషయమిది. ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో డ్రగ్ సేఫ్టీ విభాగాల్లో చేరతారు. మొదటి ఏళ్లలో అక్కడ రోజంతా కంప్యూటర్ ముందు మందుల దుష్ఫలితాల కేసులు నమోదు చేయడమే. పరిశోధనే కావాలంటే చదువుకునేటప్పుడే గణాంకశాస్త్రం గట్టిగా పట్టుకోవాలి.

గుంటూరు, విజయవాడ చుట్టూ ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. భవనాలు, ప్లేస్‌మెంట్ బోర్డులు చూసి ఫీజు కట్టొద్దు. నిబంధన ప్రకారం ఫార్మ్-డీకి కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలి. అది ఏ ఆసుపత్రో, ఎంత దూరమో కనుక్కోండి. నాలుగో, ఐదో ఏడాది పిల్లల్ని పక్కకు పిలిచి అడగండి: వార్డుకు వారంలో ఎన్ని రోజులు వెళ్తున్నారు, రౌండ్స్‌లో డాక్టర్లు మిమ్మల్ని మాట్లాడనిస్తారా, మీరు గుర్తించిన దుష్ఫలితాలు ఎవరికి పంపుతున్నారు? వాళ్లు తడుముకుంటే ఇంకో కాలేజీ చూసుకోండి.