మూడో రోజే స్టిరాయిడా?

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్లు, షుగరుంది. జ్వరం, గొంతునొప్పి మొదలై ఇవాళ్టికి మూడో రోజు. పరీక్షలో కోవిడ్ అని తేలింది. ఆక్సిజన్ 97 ఉంది. ఊపిరితిత్తులకు పాకకుండా వేయమని మందుల షాపులో డెక్సామెథసోన్ బిళ్లలిచ్చారు. వేయొచ్చా?
- ఓ పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: వేయకండమ్మా. డెక్సామెథసోన్ అంటే స్టిరాయిడే. ఇప్పుడు ఆమె ఒంట్లో జరగాల్సిన పనే జరుగుతోంది. ఆ బిళ్ల దాన్నే అణచేస్తుంది.

కరోనా వైరస్ తన స్పైక్ ముల్లుతో ముక్కు, గొంతు కణాల మీదుండే ఏస్-2 ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి దూరుతుంది. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి ఇరుగుపొరుగు కణాలకు కబురు పెడుతుంది. కబురందిన కణాలు తమలో వైరస్ పెరగకుండా సిద్ధమవుతాయి. జ్వరం, ఒళ్లునొప్పులు ఈ పోరాటం తాలూకువే. చిక్కల్లా, ఆ కబురును ఆలస్యం చేసే ప్రొటీన్లు ఈ వైరస్ దగ్గరున్నాయి. అసలే వెనకబడ్డ మన సైన్యాన్ని స్టిరాయిడ్‌తో ఇంకా వెనక్కి లాగకూడదు. పైగా షుగరు ఎగబాకుతుంది. 2021లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి అంతమంది బ్లాక్ ఫంగస్‌తో రావడానికి అదుపులేని షుగరు, విచ్చలవిడి స్టిరాయిడ్ వాడకం ముఖ్య కారణాలు.

వారం తిరిగేసరికి టి కణాలనే తెల్ల రక్తకణాలు దిగి, వైరస్ సోకిన కణాలను వెతికి చంపుతాయి. రెండో వారంలో చాలామంది రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తాయి. ఎక్కువమందికి జబ్బు అక్కడితో తగ్గుముఖం పడుతుంది. కొందరిలో మాత్రం వైరస్ తగ్గినా పోరాటం ఆగదు. ఊపిరితిత్తులు వాచి, గాలి తిత్తుల్లో నీరు చేరి, ఆక్సిజన్ పడిపోతుంది. స్టిరాయిడ్ అవసరం అప్పుడు. 2020లో బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన 'రికవరీ' అనే మందుల పరీక్షలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవారిలో మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో ఏ మేలూ కనిపించలేదు.

రోజులను పరీక్ష చేయించిన నాటి నుంచి కాక, మొదటి లక్షణం కనిపించిన నాటి నుంచి లెక్కించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆమె వయసుకు, షుగరుకు యాంటీవైరల్ మందు అవసరమేమో ఇవాళే డాక్టరును అడగండి. అది 5 రోజుల్లోపు మొదలుపెట్టాల్సిన మందు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో ఆక్సిజన్ రోజుకు నాలుగుసార్లు చూడండి. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా అంకె తప్పు చూపిస్తుంది. చేతులు రుద్దుకుని, నిమిషం కదలకుండా కూర్చున్నాకే చూడాలి. 5 నుంచి 10వ రోజు వరకు మరింత కనిపెట్టుకుని ఉండండి, జ్వరం తగ్గినా సరే. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: కోర్బెవాక్స్ రెండు డోసులు వేయించుకున్నాను. ల్యాబ్‌లో యాంటీబాడీలు నెగెటివ్ అన్నారు. టీకా పనిచేయనట్టేనా?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఏ యాంటీబాడీ చూశారో రిపోర్టులో చదవండి. 'న్యూక్లియోక్యాప్సిడ్' (వైరస్ లోపలుండే, స్పైక్ కాని మరో ప్రొటీన్) అని ఉంటే నెగెటివ్ రావడమే సహజం. మన బయోలాజికల్-ఇ వారి ఆ టీకాలో ఉండేది స్పైక్‌లోని ఒక ముక్క మాత్రమే. జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది కాబట్టి అది వేయించుకున్నవారిలో ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. స్పైక్ యాంటీబాడీలే చూసినా, అవి నెలలు గడిచేకొద్దీ తగ్గేవే. వైరస్‌ను గుర్తుపెట్టుకునే బి, టి కణాలు ఈ పరీక్షకు అందవు. 2003లో సార్స్ వచ్చి తగ్గినవారిలో 17 ఏళ్ల తర్వాత కూడా ఆ టి కణాలు దొరికాయి.