సినిమాలో లేని అడవి

ప్రశ్న: జపాన్ దర్శకుడు మియాజాకి ‘నౌసికా’ సినిమా చూశాను. దాని మాంగా (జపాన్ బొమ్మల కథ) చదవకపోతే సగం కథే తెలిసినట్టని మా అబ్బాయి అంటాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: సగం అనడం కూడా మొహమాటమేనండీ. హయావో మియాజాకి 1982లో ‘అనిమేజ్’ పత్రికలో మొదలుపెట్టి, సినిమా పనుల కోసం మధ్యమధ్య ఆపుతూ, 1994లో ముగించిన ఈ బొమ్మల కథ పుస్తకాలుగా ఏడు సంపుటాలు. 1984 నాటి సినిమాకు అందింది సుమారు మొదటి రెండు సంపుటాల కథే. ఈ కథలో మనుషులను భయపెట్టే విషపుటడవి ఒకటుంది. దాని మొక్కలను కథానాయిక నౌసికా రహస్యంగా శుభ్రమైన మట్టిలో, లోతు నుంచి తోడిన నీటితో పెంచితే అవి విషం చిమ్మవు. అంటే దోషం మొక్కది కాదు, మనుషులు పాడుచేసిన నేలది. మూసీ వంతెన మీద ముక్కు మూసుకునే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సినిమా దాదాపు అక్కడే ఆగుతుంది. మాంగా మాత్రం ఆ అడవిని నేలను శుద్ధి చేయడానికి పూర్వ మానవులే రూపొందించారనీ, కాలుష్యానికి అలవాటుపడిన ఇప్పటి మనుషులు స్వచ్ఛమైన గాలిలో బతకలేరనీ చెప్పి, నౌసికాను చాలా కఠినమైన నిర్ణయం ముందు నిలబెడుతుంది. ఆ నిర్ణయమేమిటో ఇక్కడ చెప్పను. మీ అబ్బాయి దగ్గర ఏడో సంపుటం ఉండే ఉంటుంది.