‘సేవలు’ అన్న మాట కొట్టెయ్

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘హైదరాబాద్ చరిత్రలో వలస జాతుల సేవలు’ అని పేరు పెట్టావు. నాకు పేచీ అక్కడే మొదలైంది. సేవలు అనగానే ఇల్లు మనది, వాళ్లెవరో వచ్చి పని చేసిపెట్టి పోయారు అన్నట్టు వినిపిస్తుంది. ఇల్లు కట్టిందెవరో చూడు మరి. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చాడు. 1591లో ఈ నగరానికి ప్లాన్ గీశాడని చెప్పుకునే మీర్ మోమిన్ అస్త్రాబాదీదీ ఇరానే. ఆయన పేరుతోనే ఉన్న దాయిరా శ్మశానంలో ఇక్కడి మట్టిలోనే ఉన్నాడు. పునాది తీసినవాణ్ణి అతిథుల జాబితాలో రాస్తే ఎలా?

సిద్దీలకు నువ్విచ్చింది ఒక్క వాక్యం. ‘ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం సైన్యంలో విశేష సేవలందించారు.’ ఈ వాక్యంలో సిద్దీలను తీసేసి ఇంకెవరిని పెట్టినా అతుకుతుంది. అలా అతికే వాక్యం కనిపిస్తే కొట్టెయ్. రోజూ బస్సులో ఏసీ గార్డ్స్ మీదుగా వెళ్తావు కదా, ఆ ‘ఏసీ’ ఏమిటని కండక్టర్‌ని అడిగావా? (నేను అడిగాను. చల్లటి ఏసీ అనే చెప్పాడు, నవ్వకుండా.) అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మొదట వనపర్తి సంస్థానం సైన్యంలో ఉన్న సిద్దీ రౌతులు తర్వాత నిజాం కొలువుకు మారారు. 1948లో హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, బస్తీ పేరు మిగిలింది. ఆ తర్వాత ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో తెలుసుకుని రాయి. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

నేనూ నీలాగే చేశాను. కుర్రతనంలో ఇక్కడి బార్కస్ అనే బస్తీ మీద ఒక వ్యాసం రాశాను, మొత్తం తిండే. హరీస్ నుంచి హలీమ్ ఎలా వచ్చింది, జామకాయలు ఎంత తీపి, అంతే. అచ్చయ్యాక సంబరంగా పట్టుకెళ్లి అక్కడొక పెద్దాయనకు చదివి వినిపించాను. ఓపిగ్గా విని, “బాగుంది బాబూ, మమ్మల్ని బాగా వండావు” అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆయన చెప్పాకే తవ్వడం మొదలుపెట్టాను. బార్కస్ అంటే బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఉన్న చోటు. 19వ శతాబ్దంలో అరబ్బు జమాదార్లలో కొందరు వడ్డీ వ్యాపారం చేశారు. సర్కారుకే అప్పులిచ్చారు, తీర్చనివాళ్లను తమ దగ్గరే బంధించి ఉంచారు. వాళ్లను అదుపులో పెట్టడం దివాన్ సాలార్‌జంగ్‌కు పెద్ద తలనొప్పి. ఇదీ రాయి, భయపడకు. మైనారిటీల గురించి రాస్తున్నాం కదా అని అందరినీ దేవుళ్లను చేస్తే వాళ్లు మనుషులుగా మిగలరు. అలాగని అక్కడే ఆగిపోకు. పోలీసు చర్య తర్వాత ఆ అరబ్బుల్లో చాలామందిని నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. ఉండిపోయినవాళ్ల పిల్లలు ఇక్కడివాళ్లయ్యారు. సిద్దీలూ అరబ్బులూ తెచ్చిన మర్ఫా వాద్యం ఇప్పుడు పెళ్లి బరాత్‌లోనూ వినాయకుడి ఊరేగింపులోనూ మోగుతుంది. వాయించేవాడి తాత ఎక్కడివాడని ఎవరూ అడగరు.

నిజాం సైన్యంలో సేనాని అయిన ఫ్రెంచివాడు రేమండ్ గురించి బాగానే రాశావు. హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు అన్న ముక్క ఉంచు. తుపాకుల వివరాలు సగం తగ్గించు. ఆబిడ్స్ పేరు అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్‌దని ఒక్క మాట చాలు.

ఇంకోటి. ఈ వ్యాసంలో ‘మనం’ అన్న మాట పద్నాలుగుసార్లు వాడావు, లెక్కపెట్టాను. ఆ మనం కూడా ఎక్కడో ఒకచోట వలసవాళ్లమే. ముంబై కట్టడాలకు రాళ్లు మోసిన తెలుగు కూలీల పేరే కామాఠీపురా. ఇవాళ ఆ పేరు చెబితే జనానికి ఇంకేదో గుర్తొస్తుంది. షోలాపూర్ దుప్పటి నేసిన చేతుల్లో మన పద్మశాలీలవి ఎన్నో. రంగూన్ రేవులో మనవాళ్లను కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో ఆ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె ముగిసి మనవాళ్లను మళ్లీ తీసుకోగానే గొడవలు చెలరేగాయి, మనవాళ్లు ఎందరో చచ్చిపోయారు. రంగూన్ చరిత్ర రాసే బర్మా కుర్రాడొకడు వాళ్ల గురించి ‘విశేష సేవలందించారు’ అని ఒక్క వాక్యంతో సరిపెడితే నీకెలా ఉంటుంది?

పదిహేను రోజులు టైమ్ తీసుకో. లైబ్రరీకి పొద్దున వెళ్లు, బస్తీకి సాయంత్రం వెళ్లు, ఆ టైముకే పెద్దవాళ్లు అరుగుల మీదికి వస్తారు. ఫోన్‌లో రికార్డ్ చేసేముందు అడుగు. రాసింది అచ్చుకు ముందే వాళ్లకు చదివి వినిపించు, నాలా అచ్చయ్యాక కాదు. కొత్త ప్రతి పంపేటప్పుడు కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు, నా కళ్లు ఇదివరకటిలా లేవు.

మీ అన్న