పాత మారుతి కింద నూనె మరకలు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. మీ నాన్నగారి మారుతి 800కి సింథటిక్ ఆయిల్ (రసాయన పద్ధతిలో తయారుచేసిన ఇంజన్ ఆయిల్) పోస్తే సీళ్లు, అంటే నూనె బయటికి కారకుండా ఆపే రబ్బరు బిళ్లలు, పోతాయని ఒకరు, పోయకపోతే ఇంజనే పోతుందని ఇంకొకరు అన్నారని రాశావు. ఈలోగా పోర్టికోలో నూనె చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆ రెండు మాటలూ పక్కన పెట్టు. ముందు ఆ చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకో. ఏ ఆయిల్ పోయాలన్నది తర్వాతి సంగతి.

సింథటిక్ అంటే భయం ఊరికే పుట్టలేదు. 1970లలో వచ్చిన తొలి రకాలతో కొన్ని రబ్బరు సీళ్లు కుంచించుకుపోయేవి. ఆ లోపం ఎప్పుడో సరిచేశారు. ఇప్పటి ఆయిల్ బాగున్న సీలును పాడుచేయదు. కానీ ఆయిల్ ఆలస్యంగా మారుస్తూ ఏళ్ల తరబడి నడిపిన ఇంజన్లో నల్లటి మడ్డి పేరుకుంటుంది. గట్టిపడి పగిలిన సీలు దగ్గర ఆ మడ్డే అడ్డుపడి లీకును ఆపుతూ ఉంటుంది. కొత్త ఆయిల్లోని డిటర్జెంట్లు దాన్ని కడిగేసరికి పాత పగులు బయటపడుతుంది. జనం కొత్త ఆయిల్‌ను తిడతారు గానీ, పగులు అంతకుముందు నుంచే ఉంది.

ఒక ఆదివారం ఇంజన్ చల్లగా ఉండగా శుభ్రం చేయించు. నీళ్లు గట్టిగా కొట్టనివ్వకు, స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లోకి పోతే బండి స్టార్ట్ అవదు. పూర్తిగా ఆరాక రాజోలు నుంచి అమలాపురం దాకా వెళ్లిరా. ఇంటికొచ్చాక కింద అట్ట పరిచి, టార్చి వేసి చూడు. నూనె కిందకి జారుతుంది, గాలికి వెనక్కీ పాకుతుంది. అందుకే చుక్క పడ్డ చోటు కాదు, తడి ఉన్న చోట్లలో అన్నింటికంటే పైనున్నది పట్టుకోవాలి.

ఈ బండిలో నేను ముందు అనుమానించేది ఇంజన్ పైమూత కింద ఉండే రబ్బరు పట్టీని, అదే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్‌ని. ఊడదీశాక గోటితో నొక్కి చూడు. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి లేవాలి. గోరు దిగకుండా బిగుసుకుపోయి ఉంటే దాని పని అయిపోయినట్టే. లీకు ఆగాలని నట్లు ఇంకా బిగించొద్దు, కవర్ వంగుతుంది. పైన పేస్టు పూసి సరిపెట్టనివ్వకు.

తర్వాత చూడాల్సింది డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు రింగు. అక్కణ్ణుంచి కారిన నూనె గేర్‌బాక్సు మీదకి దిగుతుంది. అది చూసి వెనక క్రాంక్ సీలు (గేర్‌బాక్సు వైపు ఇంజన్ ఇరుసు చుట్టూ ఉండేది) పోయిందని గేర్‌బాక్సు దింపేస్తారు. చిన్న రింగుతో పోయేదానికి పెద్ద ఖర్చు. ఆ రింగు చూడకుండా ఒప్పుకోకు. కింద ఆయిల్ వదిలే డ్రైన్ బోల్టు వాషరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర కారుతోందేమో, ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుని ఉండిపోయిందేమో కూడా చూడమను.

కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ కారిందంటే బ్రీతర్ గొట్టం పూడుకుపోయిందేమో చూడాలి. లోపలి ఒత్తిడికి దారి లేకపోతే ఎంత మంచి సీలైనా నూనెను వదిలేస్తుంది. ఆయిల్ కొలిచే గేజి పుల్ల మీది పై గీతకు మించి పోసినా ప్రమాదమే, నురగ వస్తుంది.

కొన్ని లీకుల విషయంలో ఆలస్యం చేయకూడదు. సైలెన్సర్ గొట్టం మీద నూనె పడి కాలిన వాసన వస్తే మంట అంటుకోవచ్చు, బండి తీయకు. క్లచ్ జారుతుంటే వెనక సీలు వెంటనే చూపించాలి. కింద చుక్క లేకుండా ఆయిల్ తగ్గుతూ, నీలం పొగ వస్తుంటే అది లీకు కాదు. ఇంజన్ లోపలి వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో అరిగాయన్నమాట.

మన వైపు ఇంకో బాధ ఉంది. అంతర్వేది ఉప్పుగాలికి కింది ఆయిల్ చాంబర్ తుప్పుపడుతుంది, కాలవ గట్టు రోడ్ల మీద రాయి తగిలితే అక్కడే చిల్లు పడుతుంది. వరద నీళ్లలో నిలబడ్డ బండిని స్టార్ట్ చేయొద్దు. 2022 జులై గోదావరి వరదలాంటిది మళ్లీ వస్తే గేజి తీసి చూడు. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. నీళ్లున్నాయేమోనన్న అనుమానమున్నా ఆయిల్ మార్చకుండా తాళం తిప్పకు.

లీకులు ఆగాక ఆయిల్ మార్చు. బండి పుస్తకంలో రాసిన గ్రేడ్లలోనే మామూలు మినరల్ ఆయిల్, సింథటిక్ కలిపి చేసిన సెమీ సింథటిక్ తీసుకో. కొత్త కార్ల కోసం చేసిన పల్చటి 0డబ్ల్యూ-20 గ్రేడు మాత్రం వద్దు. మనకి మంచు కురిసే చలి లేదు, పాత ఇంజన్‌కి వేడిలో నిలిచే చిక్కదనం కావాలి. మినరల్‌లో సింథటిక్ కలిస్తే ముప్పేం లేదు, దారిలో తక్కువైతే దొరికిన ఇంజన్ ఆయిల్ పోసుకో. మడ్డి ఎక్కువుంటే ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ మందు జోలికి పోకు, ఊడిన ముద్దలు పంపు ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడతాయి. దానికి బదులు మొదటిసారి 2,000 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చెయ్యి. లీకు ఆపే డబ్బా మందులు సీలును కొన్నాళ్లు ఉబ్బిస్తాయంతే, పగిలినదాన్ని అతికించలేవు.

తీసిన పాత ఆయిల్‌ని కాలవలో పోయనివ్వకమ్మా. ఆ నీళ్లే మన మంచినీళ్ల చెరువుల్లోకి వెళ్తాయి. డబ్బాలో పట్టించి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇప్పించు.

టైమింగ్ బెల్టు మార్చి ఎన్నేళ్లయిందో నాన్నగారిని అడుగు. నూనె తగిలితే ఆ బెల్టు పాడైపోతుంది, కాబట్టి ముందు వైపు క్రాంక్ సీలు, క్యామ్ సీలు కూడా బెల్టు మార్చే రోజే వేయించేస్తే మళ్లీ విప్పే పని ఉండదు. ఆ పని పెట్టుకున్నప్పుడు రెండ్రోజుల ముందు ఫోన్ చెయ్యి, నేనూ వచ్చి దగ్గరుండి చూస్తాను.

మీ మావయ్య